కల్లివెల్లి అని చదువుకోగలరు

మా సిరిసిల్ల గల్లీలో ఇప్పుడు పేపరు కొనేవాళ్లు లేరు. వార్త ఫోన్లోకే వస్తుంది. ఎవరు రాశారో ఉండదు, ఎక్కడిదని అడిగితే పంపినవాడికే తెలియదు. మొన్న మా పక్కింటి సాంచాల, అంటే మరమగ్గాల, కార్మికుడు చనిపోయాడని గల్లీ గ్రూపులో వచ్చింది, దండం పెట్టే చేతుల బొమ్మలతో సహా. ఆ సమయానికి అతను మా గడప దగ్గర కూర్చుని చాయ తాగుతున్నాడు. ఇది మొదట పెట్టింది ఎవరని నేను గ్రూపులో అడిగాను. జవాబు రాలేదు. మళ్లీ అడిగాను. నన్ను గ్రూపులోంచి తీసేశారు. తీసేసింది ఎవరో నాకు తెలుసు. వాళ్లింట్లో పెళ్లికి నేను పోలేదు.

అందుకే నాకు పాత పేపరంటే బెంగ. అది నిజమే రాసేదని కాదు. అబద్ధం రాసినా దానికి ఒక తలుపు ఉండేది. పోయి ఆ తలుపు ముందు నిలబడవచ్చు. నేను నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను.

నేను పుట్టి పెరిగింది కోరుట్ల పక్కన, మెట్‌పల్లి రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. మా బాపు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. అవ్వా నేనూ బీడీలు చుట్టేవాళ్లం. మధ్యాహ్నం తిండి అయ్యాక ఆడవాళ్లందరం హోటలామె ఇంటి వెనక పందిరి కింద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. తంబాకు వాసన, తడి తునికాకు వాసన, ఇంటి ముందు హోటలు నుంచి కాగే నూనె వాసన. హోటలుకు పొద్దున్నే బస్సులో పేపరు వచ్చేది. మగవాళ్లు దాన్ని చాయతో పాటు పంచుకుని, ఆటల పేజీ ఒకడు, సినిమా పేజీ ఒకడు నలిపి, గ్లాసుల మరకలన్నీ అంటించాక మధ్యాహ్నానికి మాకు వచ్చేది.

నేను పదో తరగతి దాకా చదివాను. పందిరి కింద చదివే మనిషిని నేనే. చదువుతూ బీడీ చుట్టడం కుదరదు కాబట్టి, నేను చదివినంతసేపు మిగతావాళ్లు తలా కొన్ని బీడీలు నా చాటలో వేసేవాళ్లు. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు, నాకంటే ముందు చదివిన అక్కకూ అట్లాగే వేసేవాళ్లట. దానికి హోటలామె ఒక షరతు పెట్టింది. ఆమెకు అక్షరం రాదు, కానీ షరతు గట్టిది. పేపర్లో ఉన్నది ఉన్నట్టు చదవాలి, పైనుంచి ఏమీ కలపకూడదు. కలిపి చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, వాళ్లకు ఎవరూ బీడీలు ఇవ్వడం లేదు కదా అనేది.

మాకు కావలసింది జిల్లా పేజీ. హైదరాబాదులో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో మగవాళ్లు పొద్దున్నే తేల్చేసేవాళ్లు. మేము దుబాయి వార్తలు వెతికేవాళ్లం. ఏ ఊరికి శవం పెట్టె వచ్చింది, ఏ కంపెనీ మూతపడింది, ఏ ఏజెంటు పారిపోయాడు. సిరిసిల్లలో సాంచాలు ఆగిపోయి ఎవరైనా ఉరి వేసుకున్నారన్న వార్త వస్తే పందిరి కింద కత్తెరలు ఆగిపోయేవి. కాసేపటికి హోటలామె చదువమని చేయి ఊపేది. ఆ పందిరి కింద కూర్చున్నంత శ్రద్ధగా వార్త వినే మనుషులను నేను మళ్లీ చూడలేదు.

వానలు సరిగా పడక చెట్లకు కల్లు పారడం తగ్గిన కాలంలో మా అన్న దుబాయి పోయాడు. పోయింది సౌదీకి. మా దగ్గర సముద్రం దాటితే ఏ దేశమైనా దుబాయే. మొదట్లో ఫోన్లు వచ్చాయి, తర్వాత కంపెనీ జీతం ఇవ్వడం లేదని వచ్చాయి, తర్వాత ఏమీ రాలేదు. ఒకరోజు మెట్‌పల్లి మనిషి ఒకాయన అక్కడి నుంచి సెలవు మీద వచ్చి, వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. అన్న కంపెనీ వదిలేశాడని, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయిందని, మనవాళ్ల రూముల్లో ఉంటూ చాటుగా పనిచేసుకుంటున్నాడని చెప్పాడు.

"మీవోడు కల్లివెల్లి అయిండు, బాపూ. ఫికర్ చేయకుండ్రి, మస్తుమంది ఉన్నరు గట్ల."

కల్లివెల్లి అంటే అక్కడి భాషలో పోనీ, వదిలెయ్ అని అర్థమట. మావాళ్ల నోట్లో పడ్డాక, కంపెనీ నుంచి పారిపోయి కాగితాలు లేకుండా దాక్కున్నవాడికి అది పేరైంది. మా వైపు ఏ ఇంట్లో అడిగినా ఆ మాట చెబుతారు.

ఫికర్ చేయవద్దన్నాడు కానీ, ఆ తర్వాత నెలలు గడిచినా అన్న నుంచి ఏ కబురూ లేదు. ఉన్నాడో లేడో తెలియదు. అప్పుడు బాపుకు పేపరు గుర్తొచ్చింది. ఊరి నుంచి దుబాయి పోయేవాళ్లతో తొక్కు పచ్చళ్లు, సకినాలు పంపేటప్పుడు పాత పేపర్లలోనే చుట్టేవాళ్లం. అక్కడి రూముల్లో ఆ కాగితాలను సాపు చేసుకుని చదువుతారని అన్నే ఒకసారి చెప్పాడు. కొడుకు కనిపించడం లేదని జిల్లా పేజీలో వస్తే ఎవరో ఒకరి తొక్కుతో పాటు అది సౌదీ చేరుతుందని, చూసినవాళ్లు కబురు చేస్తారని బాపు ఆశ.

కోరుట్ల బస్టాండు ముందు ఫోటో స్టూడియో నడిపే ఆయనే మా మండలం విలేకరి. బాపు పోయి అంతా చెప్పాడు. అన్నను పంపిన ఏజెంటు చెవిన పడితే ప్రమాదమన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఊళ్లో అందరితో చెప్పినట్టే చెప్పాడు, కల్లివెల్లి అయిండన్నాడు. విలేకరి కూడా ఆ మాటనే రాసుకున్నాడు. అప్పట్లో వార్తలు కవరులో పెట్టి కరీంనగర్ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్లు. అక్కడ పత్రిక ఆఫీసులో ఆ రాతను దిద్దే మనిషి మా వైపువాడు కాదు. గీత కార్మికుని కొడుకు అని చూశాడు. కల్లివెల్లి అని చూశాడు. తప్పు రాశారనుకున్నాడు. దిద్దాడు.

మర్నాడు మధ్యాహ్నం పందిరి కింద జిల్లా పేజీ విప్పి నేను హెడ్డింగు చదివాను. "గల్ఫ్‌లో కల్లు తాగి వెళ్లి యువకుని అదృశ్యం."

అందరూ నవ్వారు. ఎడారిలో కల్లెక్కడిదని ఎవరో అన్నారు. నేను చదువుకుంటూ పోయాను. కోరుట్ల మండలం అని చదివాను. మా ఊరి పేరు చదివాను. గీత కార్మికుని పెద్ద కొడుకు అని చదివి, తర్వాత ఉన్న బాపు పేరు దగ్గర ఆగిపోయాను.

మా ఎదురింటి వదిన, కల్లుగీత సంఘం పెద్దమనిషి భార్య, చేతిలో బీడీ మడత పెడుతూ అంది. "ఆడ ఖర్జూరపు చెట్లుంటయట గద. మీ అన్న గవే గీసుకుంటున్నడేమో."

మళ్లీ నవ్వారు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినవాళ్లు ఎవరో, అడ్డం పెట్టుకోకుండా నవ్వినవాళ్లు ఎవరో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు ఆ వదిన నా చాటలో ఒక్క బీడీ వేయలేదు. పేపరు మొత్తం చదవలేదు కాబట్టి లెక్క లేదని ఆమె వాదన.

సాయంత్రం బాపుకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు కల్లు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రమే అడిగాడు. కల్లు గీసే ఇంట్లో కల్లు మాట ఎంత బరువో బయటివాళ్లకు అర్థం కాదు. తాగినవాడు మోకు నడుముకు వేసుకుని చెట్టు ఎక్కకూడదు, ఎక్కితే పడతాడు. మా అన్న కల్లు ముట్టేవాడు కాదు. అందుకే చిన్న వయసులోనే సంఘం ఆయనకు చెట్లు పంచింది. దుబాయి పోయేటప్పుడు వాటిని తిరిగి సంఘానికి అప్పజెప్పి పోయాడు. తిరిగొస్తే మళ్లీ అడుక్కోవాలి. తాగి తిరిగేవాడని అచ్చులో ఎక్కిన మనిషికి ఏ సంఘమూ చెట్లు ఇవ్వదు. అన్న బతికి ఉంటే, తిరిగొస్తే, బతకడానికి ఉన్న ఒకే ఒక దారి మీద పేపరు ముళ్లకంప వేసింది. పోయేది పరువు ఒక్కటే అయితే నేను ఇంత పట్టు పట్టేదాన్ని కాదు. కాదు, పట్టేదాన్నే.

మర్నాడే బాపును తీసుకుని కోరుట్ల పోయాను. స్టూడియోలో వెనక తెర మీద నీలం కొండలు, హంసలు. విలేకరి మమ్మల్ని చూసి కుర్చీలు వేశాడు. తాను సరిగ్గానే రాశానని, డెస్కువాళ్లు దిద్దారని చెప్పాడు. దిద్దిందాన్ని మళ్లీ దిద్దమనండి అన్నాను. సవరణ వేయించడం పెద్ద పని కాదన్నాడు. దానికి ఒక పద్ధతి ఉంటుందట. ఏ మాట తప్పో చెప్పాలి, దాని బదులు ఏ మాట చదువుకోవాలో చెప్పాలి.

"కల్లు తాగి వెళ్లి బదులు కల్లివెల్లి అని చదువుకోగలరు. గిట్ల వస్తది. ఏయించుమంటవా?" అని బాపును అడిగాడు.

విలేకరి గొంతు తగ్గించాడు. "ఏజెంటు గూడ పేపర్ సదువుతడు. మీవోడు కల్లివెల్లి అని మనమే అచ్చేసి ఇచ్చినట్టైతది. కంపెనీకి చెప్తడు. మనోళ్ల రూములన్నీ ఎతుకుతరు."

తాగలేదని ఒక్క ముక్క వేయండి చాలు అన్నాను నేను. తాగకపోతే మరి ఏం చేశాడని అడుగుతారు, దానికేం రాయను అన్నాడు. అది నిజమే. కానీ తప్పు వేసిన రోజు ఆయన మా ఇంటికి వచ్చి ఒక్క మాట చెప్పలేదన్నది మాత్రం వేరే సంగతి. సైకిలు మీద వచ్చేంత దూరమే.

బాపు లేచి వద్దు సారూ అన్నాడు. బయటికొచ్చాక నేను ఏడుస్తుంటే బస్టాండు గోడ దగ్గర నిలబెట్టి చెప్పాడు.

"తాగుబోతన్నరు, అననియ్యి. తాగుబోతైతే ఎన్నడన్న ఇంటికస్తడు. దొరికితే జేలుకు పోతడు బిడ్డా. ఇల్లు చేరనియ్యి ముందుగాల. అప్పుడు అడుగుదం."

నేను ఒప్పుకోలేదు. కానీ ఆగాను.

ఆ ఆగిన కాలమంతా నేను పందిరి కింద పేపరు చదువుతూనే ఉన్నాను. అవ్వకు చూపు తగ్గింది, నా చాటలో పడే బీడీలు వదులుకునే స్థితి కాదు మాది. ఊళ్లో మా ఇంటికి కల్లుతాగివెళ్లి వాళ్ల ఇల్లు అని పేరు పడింది. పాలు పోసే మనిషి కూడా ఆ పేరుతోనే గుర్తు చెప్పేవాడు. రోజూ జిల్లా పేజీ అడుగున, సవరణలు వేసే మూల వైపు ముందు చూసేదాన్ని. ఒక నాయకుడి ఇంటి పేరులో ఒత్తు పోయిందని సవరణ వేశారు. పెళ్లికొడుకుల ఫోటోలు తారుమారైతే వేశారు. మా వంతు వచ్చేది కాదు, రాకూడదు కూడా. రావాలని, రాకూడదని రెండూ కోరుకుంటూ చదవడం ఎట్లా ఉంటుందో చెప్పలేను. ఈ లోపల మనవాళ్ల రూము నుంచి ఎవరో ఫోన్ చేసి, అన్న బతికే ఉన్నాడని, ఊరు మారాడని చెప్పారు. పేపరు చూసి కాదు. తొక్కుకు చుట్టిన ఆ కాగితం అక్కడికి చేరిందో లేదో మాకు తెలియలేదు.

కొన్నేళ్లకు అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టింది. కాగితాలు లేనివాళ్లు జైలు లేకుండా దేశం విడిచి పోవచ్చన్నారు. ఆ వార్త కూడా పందిరి కింద నేనే చదివాను. అన్న వచ్చాడు. జగిత్యాల బస్టాండులో దిగినప్పుడు చేతిలో ఒక సంచి, మెడ మీద ఎండకు కమిలిన నలుపు. ఇల్లు చేరి నాలుగు రోజులు పడుకున్నాడు. తర్వాత సంఘానికి పోయి చెట్లు అడిగాడు.

సంఘం పెద్ద కాదనలేదు, ఔననలేదు. "పేపర్లనే అచ్చె గద తమ్మీ. రేపు నువ్వు మీదికెల్లి పడితే మామీదికస్తది" అన్నాడట.

ఇల్లు చేరినంక అడుగుదం అన్నాడు కదా బాపు. నేను జగిత్యాల పోయాను. అప్పటికి పత్రికవాళ్లు అక్కడ ఆఫీసు పెట్టారు, బట్టల దుకాణం మీద. లోపల ఉన్న పెద్ద సారు మర్యాదగానే మాట్లాడాడు. నీళ్లు ఇప్పించాడు. అంతా విన్నాడు.

"ఇన్నేండ్ల తర్వాత సవరణ ఏస్తే నవ్వుతరమ్మా" అన్నాడు.

"ఇన్నేండ్లు మమ్ముల చూసి నవ్విండ్రు గద సార్."

ఆయన పేపర్‌వెయిట్ అటూ ఇటూ తిప్పాడు. పాత తప్పు తవ్వడం కంటే మీ అన్న మీద మంచి కథనం వేస్తామన్నాడు, ఫోటోతో, సగం పేజీ. అందులోనే మీ సంగతి కూడా వస్తుందన్నాడు. ఆయన దృష్టిలో అది పెద్ద ఉపకారం. గోరంత అడిగితే కొండంత ఇస్తానంటే తీసుకోని మొండిదాన్ని చూసినట్టు నన్ను చూశాడు. నేను గోరంతనే అడిగాను, గోరంతనే ఇవ్వమన్నాను. చివరికి కథనంలో ఆ ముక్క ఉంటుందని మాట తీసుకునే మెట్లు దిగాను.

ఫోటో తీసే అబ్బాయితో కలిసి ఒక విలేకరి ఇంటికి వచ్చాడు. స్టూడియో ఆయన కాదు, కొత్తవాడు. అవ్వను గడప మీద కూర్చోబెట్టి, అన్న పాత ఫోటో చేతికిచ్చి, కొంచెం ఏడ్చినట్టు చూడమన్నాడు. అన్న పక్కనే మంచంలో కూర్చుని పల్లీలు తింటున్నాడు.

"కొడుకు కండ్ల ముంగటనే ఉండంగ ఫోటో పట్టుకొని ఎందుకేడుస్త?" అంది అవ్వ.

"గట్లయితే పేపర్ల మంచిగ అస్తది అవ్వా."

"మంచిగ రాకుంటెనే మంచిది" అని అవ్వ లేచి లోపలికి పోయింది. చివరికి అన్ననే చెట్టుకు ఆనించి దూరంగా చూడమన్నారు. నేను కొత్త విలేకరిని కదలనివ్వకుండా, మా సంగతి నా ఎదురుగానే రాసుకోమన్నాను. రాసుకున్నాడు. కల్లు ముట్టడు అన్న మాట కింద గీత కూడా గీయించాను.

కథనం వచ్చిన రోజు అన్న గంభీరావుపేటలో మేనమామ ఇంటికి పోయి ఉన్నాడు. పొద్దున హోటల్లో మగవాళ్లు ఫోటో చూశారు, హెడ్డింగు చూశారు, మనోడే అనుకున్నారు, ఆటల పేజీకి పోయారు. వార్తను అడుగుదాకా చదివేది మా పందిరి కిందే. బాపు ఆ రోజు తాళ్ల నుంచి తొందరగా వచ్చి, ఆడవాళ్లకు దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

హెడ్డింగులో ఇంత పెద్ద అక్షరాలతో కల్లివెల్లి అని వేశారు. ఇన్నేళ్లకు వాళ్లకు ఆ మాట తెలిసింది, తామే కనిపెట్టినట్టు దాని అర్థం కూడా ఒక డబ్బాలో వేశారు. నేను చదువుతూ పోయాను. ఎండ, జీతం లేని నెలలు, దాక్కున్న రూములు, అన్నీ ఉన్నాయి. అడుగున, చివరి ముక్కకు ముందు ఇట్లా ఉంది: గతంలో ఆయన అదృశ్యమైనట్లు కొన్ని వార్తలు వచ్చాయి.

అంతే. వచ్చాయట. ఎవరు రాస్తే వచ్చాయి? వానలాగా వాటంతట అవే వచ్చాయా?

నేను ఆగలేదు. తల ఎత్తలేదు. పేపరు చదివే గొంతుతోనే చదివాను.

"గతంలో ఆయన కల్లు తాగి వెళ్లి అదృశ్యమైనట్లు మా పత్రికలో తప్పుగా వచ్చింది. కల్లివెల్లి అని చదువుకోగలరు. ఆయన కల్లు ముట్టని మనిషి."

కత్తెరలు ఆగాయి. ఎదురింటి వదిన చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది.

"గదిగూడ ఏసిండ్రా?" అంది హోటలామె.

"ఏసిండ్రు అత్తా."

ఆమె నా మొహం వైపు కాసేపు చూసింది. గోడ దగ్గర నుంచి బాపు అన్నాడు. "గదొక్కటి మల్ల సదువు బిడ్డా."

మళ్లీ చదివాను. ఒక్క అక్షరం తేడా రాలేదు. ఇన్నేళ్లుగా ఆ ముక్క నాకు నోటికి ఉంది.

దాన్ని అబద్ధమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్లు వేయవలసింది వేయలేదు, నేను చదవవలసింది చదివాను. వదిన ఆ సాయంత్రమే మాటను ఇంటికి మోసుకుపోయింది. వచ్చే కార్తె మొదలయ్యేసరికి సంఘం అన్నకు చెరువు కింది తాళ్లు పంచింది. పంచేటప్పుడు, పేపరోళ్లే తప్పు ఒప్పుకున్నరు గద అని పెద్దే నలుగురిలో అన్నాడట.

అన్న గంభీరావుపేట నుంచి తిరిగొచ్చి ఆ పేపరు కావాలన్నాడు. ఆయనకు చదువు వచ్చు. నేను హోటలు వైపు చూపించాను. ఆ రోజు నేను చదవడం అయిపోగానే హోటలామె పేపరు అడిగి తీసుకుపోయి, వేరే పేజీలు ఎన్ని ఉన్నా ముందు ఆ పేజీనే ముక్కలు చేసి మిర్చి బజ్జీలకు వాడింది. ఇన్నేళ్లకు తన గురించి చక్కగా వేస్తే దాన్ని నూనె కాగితం చేసిందని అన్నకు కోపం వచ్చింది. ఏడాది పాటు ఆమె హోటల్లో చాయ తాగలేదు, ఎదురుపడితే పక్కకు తిరిగిపోయేవాడు. కోపాల్లో మా ఇంటివాళ్లమంతా ఒకటే.

హోటలామె ఆ కోపాన్ని ఏడాదీ మోసింది. ఆ పేజీనే ముందు ఎందుకు చింపిందో అన్నకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు.